గుర్రాల బేరగాడి కవ్వతా

“కవ్వతా! కవ్వతా!”

మూసిన కోటలోంచి వచ్చిన ఆ కేక రేవు వీధి చివరిదాకా వినబడింది. రాజుగారి విందుకని పొద్దుటినుంచి కడుపు మాడ్చుకుని వస్తున్న చెంగప్ప టక్కున ఆగాడు. చెంగప్ప ఆస్థానంలో చమత్కారి. ఆ గొంతు యోనానుదని ఇట్టే పోల్చుకున్నాడు. యోనాను పడమటి సముద్రం అవతలినుంచి గుర్రాలు తెచ్చిన బేరగాడు. మాట్లాడేది అరామిక్ భాష, తెలుగు ముక్క రాదు.

ఇదంతా ఒకానొక రేవు రాజ్యంలో జరిగిందిలెండి. రాజుగారు గోపభూపతి. మంచివారే పాపం, కాకపోతే పద్యాలు రాసేవారు. చేపలమ్మేవాళ్ళ కేకలు తన పద్యాల్లో కలిసిపోతున్నాయని సభలో కిటికీలన్నీ బిగించేశారు. పద్యానికి అడ్డొచ్చినవాడు పొద్దు గుంకేలోగా ఊరు విడిచిపోవాలని చాటింపు కూడా వేయించారు.

చెంగప్ప సభలోకి అడుగుపెట్టేసరికి లోపల పట్టపగలే దివిటీలు, పొగ, ఎండాకాలపు ఉక్క. యోనాను చెమటతో ముద్దయిపోయి, ఊపిరాడక, గోడకేసి చేతులు చాచి అరుస్తున్నాడు. రాజుగారి ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“విన్నావా చెంగప్పా? కవిత, కవిత అంటున్నాడు. కవితకి వాళ్ళ దేశపు వికృతిట, మన పండితులు తేల్చారు. అడిగినప్పుడల్లా ఓ పద్యం చదువుతున్నాను. అయినా తనివి తీరడం లేదు.”

చెంగప్పకి అసలు సంగతి తట్టింది. మొన్న గుర్రాలశాల కట్టేటప్పుడు ఇదే మాట అంటూ యోనాను గోడకి కన్నాలు పెట్టించాడు. వాళ్ళ భాషలో కవ్వతా అంటే కిటికీ. ఆ మాట చెబితే పద్యానికి అడ్డొచ్చినట్టే, తను ఊరు విడవాలి. చెప్పకపోతే ఈ పెద్దమనిషి ఇక్కడే సొమ్మసిల్లేలా ఉన్నాడు.

“కవితే అనుకుందాం ప్రభూ. కాకపోతే వాళ్ళు దాన్ని గోడలో పెడతారు.”

“గోడలోనా? చెక్కుతారా?”

“కన్నం చేసి పెడతారు. అందులోంచి వెలుగు రావాలి, గాలి ఆడాలి. అప్పుడే కవ్వతా.”

“నా పద్యంలో వెలుగు లేదంటావా?”

“ఆ తీర్పు ఈయన్నే చెప్పమందాం. వాళ్ళ పద్ధతిలో గోడకి ఓ తలుపు తీసి ఉంచుతాను. మీరు గొంతు సవరించుకోండి. ఈయన దణ్ణం పెట్టాడా, మీదే గెలుపు.”

“తియ్యి మరి.”

చెంగప్ప కిటికీ తలుపు గెడ లాగాడు. సముద్రపు గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది, దాంతోపాటే “చందువాలమ్మో, చందువాలు” అనే చేపలవాళ్ళ కేకా వచ్చింది. యోనాను పరుగెత్తి కిటికీలోంచి తల బయటపెట్టాడు. గుండెనిండా గాలి పీల్చుకుని, వెనక్కి తిరిగి, చెమ్మగిల్లిన కళ్ళతో రెండు చేతులూ జోడించాడు. “కవ్వతా,” అన్నాడు నెమ్మదిగా.

“చూశావా, దణ్ణం పెట్టాడు,” అన్నారు రాజుగారు మీసం దువ్వుతూ.

“పెట్టాడు ప్రభూ. మీరే ఇంకా పద్యం ఎత్తుకోలేదు.”

రాజుగారి చెయ్యి మీసం మీదే ఉండిపోయింది. కిటికీ చూశారు, యోనానుని చూశారు. “కవ్వతా అంటే...”

“కిటికీయే. మనం గవాక్షమని ఆవు కన్ను చేశాం, వాతాయనమని గాలికి దారి చేశాం. వాళ్ళు గోడలో కన్నాన్ని కన్నమనే అన్నారు.”

“అయితే పొద్దుటినుంచి ఈయన కిటికీ తియ్యమంటుంటే నేను...”

“పద్యాలు చదివారు.”

రాజుగారు నవ్వడం మొదలుపెట్టి పొట్ట పట్టుకున్నారు. “ఎత్తుకోని పద్యానికి అడ్డొచ్చావని నిన్ను వెళ్ళగొట్టలేను కదరా,” అంటూ మెళ్ళో ముత్యాల దండ తీసి చెంగప్పకి వేశారు. కిటికీలన్నీ తీయించి, విస్తళ్ళు వేయమన్నారు.

యోనాను కిటికీ పక్కన చతికిలబడి, తన పక్క చోటు అరచేత్తో తట్టి రాజుగారిని పిలిచాడు. రాజుగారు వెళ్ళి అక్కడే కూర్చున్నారు. చెంగప్ప అప్పటికే పప్పులో నెయ్యి పోయించుకుంటున్నాడు.