తేనెటీగ వాలని మల్లె

ఇప్పలకోన అడవిలో దుప్పులు, కొండముచ్చులు, అడవిపందులు ఉండేవి. ఎవరి వాసన వారికి ఉండేది. అడవిపందికి బురద వాసన, కొండముచ్చుకు చింతచిగురు వాసన. దాని గురించి ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు.

ఆ కోనలో ఒక జలపాతం ఉంది. పట్నంవాళ్ళు అక్కడికి వనభోజనాలకు వచ్చేవారు. తిని, స్నానాలు చేసి, విస్తరాకులతో పాటు పౌడరు డబ్బాలు, సెంటు సీసాలు కూడా అక్కడే వదిలేసి పోయేవారు. ఎప్పుడు చూసినా ఇదే వరస. చూసి చూసి అడవికే విసుగు పుట్టింది.

గవరయ్య అనే కొండముచ్చు ఆ సీసాలు ఏరుకునేవాడు. అతనికి చేతులున్నాయి, వాటికి పనే లేదు. ఒక రోజు ఒక సీసా నొక్కితే బుస్సుమని వాసన వచ్చింది. సీసా మీద మల్లెపూల బొమ్మ ఉంది. ఇక అప్పటినుంచి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సెంటు కొట్టడం మొదలుపెట్టాడు.

అందరికంటే ముందు పొన్ని అనే దుప్పి వెళ్ళి నిలబడింది. మందలో అందరిలాగా తన ఒంటికీ గడ్డి వాసన రావడం ఆమెకు నామోషీ. సెంటు కొట్టించుకుని వచ్చి, గాలివాటం చూసుకుని మరీ నిలబడేది.

పొన్నికి సూరమ్మ అని ఒక పెద్దమ్మ ఉంది. మందకు మంచీ చెడూ చెప్పి చెప్పి అలసిపోయిన ప్రాణం. ఆమె పొన్ని మెడ దగ్గర వాసన చూసి ముక్కు వెనక్కి తీసుకుంది.

"మల్లెపువ్వయితే తేనెటీగ వాలాలి కదే. నీ మీద ఒక్కటైనా వాలిందా?" అంది.

"నీకు ముసలితనం వచ్చి ఏదీ గిట్టడం లేదు పెద్దమ్మా," అంది పొన్ని.

సూరమ్మ తల తిప్పుకుని మేతలో పడింది. ఇలాంటి మాటలు ఆమె చాలా పడింది.

కొన్నాళ్ళకు పొన్నికి దురద మొదలైంది. మెడ కింద దద్దుర్లు లేచాయి. పొద్దున్నే తలనొప్పి. దోమల వల్లే అనుకుంది. ముక్కు మొద్దుబారి సెంటు వాసన ఆమెకే తెలియడం మానేసింది. తెలియడం లేదు కాబట్టి చాలడం లేదనుకుని ఇంకాస్త కొట్టించుకుంది. చెబితే వినే రకమైతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

పొన్నికి చిట్టి అనే బిడ్డ పుట్టింది. దుప్పులకు ఒక అలవాటు ఉంది. పసిబిడ్డను పొదలో పడుకోబెట్టి తల్లి మేతకు వెళుతుంది. పసిబిడ్డ ఒంటికి వాసన ఉండీ లేనట్టు ఉంటుంది. చిరుత పక్కనుంచి పోయినా దానికి తెలియదు. తల్లి ముక్కు మాత్రం ఆ కాస్త వాసననీ పట్టుకుంటుంది.

పొన్ని గవరయ్యను పిలిచి బిడ్డకూ సెంటు కొట్టించింది. పొదకు కూడా కొట్టమంది. నా బిడ్డ పూలపాన్పు మీద పడుకుందని మురిసిపోతూ మేతకు వెళ్ళింది.

ఎండ కాస్తోంది. ఆకు కదలడం లేదు. పొదలో ఆ వాసన అంతా కమ్ముకుంది. చిట్టి తుమ్మింది, దగ్గింది. తర్వాత అమ్మను పిలుద్దామంటే ఊపిరి చాలలేదు.

పొన్ని తిరిగి వచ్చింది. ఎటు చూసినా ఒకేలాంటి పొదలు. ముక్కెత్తి గాలి పీల్చింది. ఏమీ తెలియలేదు. పిలిచినా బదులు రాలేదు. సూరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దమ్మా, నా బిడ్డ వాసన నాకు తెలియడం లేదు," అని ఏడ్చింది.

సూరమ్మకు దెప్పిపొడిచే ఓపిక కూడా లేదు. సెంటు వాసన పట్టుకుని నేరుగా ఆ పొద దగ్గరికి నడిచింది.

"నాకు దొరికింది. ఇంకాసేపైతే చిరుతకూ దొరికేది," అంది.

చిట్టి నాలుక నల్లబడింది. ఇద్దరూ బిడ్డను మూతులతో నెట్టుకుంటూ వాగు ఒడ్డున గాలి వీచే చోటికి తెచ్చారు. సూరమ్మ నీళ్ళలో మూతి ముంచి ముంచి బిడ్డ ఒళ్ళంతా కడిగింది. చాలాసేపటికి చిట్టి గట్టిగా ఊపిరి తీసుకుంది.

బిడ్డ బతికింది. కానీ చలిగాలి తగిలితే ఇప్పటికీ దాని గుండెల్లో పిల్లికూతలే. పొన్ని ముక్కు మళ్ళీ మునుపటిలా కాలేదు. గవరయ్య అరచేతులు పగిలిపోయాయి. సీసాలు ముట్టడం మానేశాడు.

సీసాలు రావడం మాత్రం ఆగలేదు. ఈసారి వచ్చినదాని మీద గులాబీ బొమ్మ ఉంది. ఒక అడవిపంది దాని చుట్టూ తిరగడం చూసి సూరమ్మ నిట్టూర్చింది. మళ్ళీ చెప్పాలి కదా అని లేవబోయింది.

"నువ్వు పడుకో పెద్దమ్మా," అంది పొన్ని. చిట్టిని వెంటబెట్టుకుని అడవిపంది దగ్గరికి వెళ్ళింది.

"ముందు నా బిడ్డ ఊపిరి ఒకసారి విను. ఆ తర్వాత నీ ఇష్టం," అంది.

అడవిపంది చెవి పెట్టి విన్నది. సీసాను అక్కడే వదిలేసి బురదలోకి వెళ్ళిపోయింది. సూరమ్మ చాలా కాలానికి నిశ్చింతగా కళ్ళు మూసుకుంది.

నీతి: ఇంపైన వాసనంతా మేలు చేసేది కాదు. ఒంటికి పూసుకునే ముందు సీసా మీది బొమ్మను కాదు, లోపల ఉన్నదేమిటో చూడాలి.