నక్క సార్ చెప్పిన ఇంటర్వ్యూ పాఠం

రండమ్మా, రండి. దగ్గరికి జరగండి. స్తంభం చాటున కూర్చున్న అయ్యా, మీరు కూడా. అంత దూరాన కూర్చుంటే కథ వినపడదు, నిద్ర మాత్రం హాయిగా పడుతుంది. పిల్లల్ని ముందు వరుసలోకి పంపండి. సెల్‌ఫోను ఒళ్లో పెట్టుకుని నాకేసి చూస్తున్నట్టు నటించేవాళ్లు నాకిక్కణ్ణించి బాగానే కనపడుతున్నారు. ఆ, అలా లోపల పెట్టేయండి. ఇప్పుడు ఆ ఏనుగు మొహం సామికి మనసులో ఓ దండం పెట్టుకోండి. ఎందుకంటే ఈ పూట కథలో పెద్దరికం ఏనుగుది. నీచత్వం ఎవరిదో వేరే చెప్పాలా? నక్కది.

ఏటికి ఇవతల అడవి. అవతల చెరకు తోటలు. ఆ తోటల మధ్య గజలక్ష్మమ్మ అనే ఏనుగు బెల్లం బట్టీ నడిపేది. ఆవిడ బెల్లానికి ఎంత పేరంటే, దూరదేశపు కొంగలు గుంపులుగా వచ్చి కొనుక్కుపోయేవి. వాటికి మన భాష రాదు. అందుకని బట్టీలో గేటు దగ్గరా, తూకం దగ్గరా, లోడు ఎత్తే చోటా ఇంగ్లీషు మాటలు కొన్ని తిరుగుతుండేవి. అవి వస్తేనే అక్కడ పని.

ఇంకో సంగతి. ఆ బట్టీలో ఓ ఆచారం ఉంది, గుర్తుపెట్టుకోండి. చెరకు ఆడడం మొదలైన రోజు తొలి పెనంలో దిగిన బెల్లం విఘ్నేశ్వరుడికి నైవేద్యం పెడతారు. కొత్తగా పనిలో చేరేవాళ్లు ఆ బెల్లం ముందు నిలబడి, ఏ పని ఎలా చేస్తారో నోటితో ఒప్పుకోవాలి. సామి ముందు ఒప్పుకున్నాక, తోటల్లో చెరకంతా ఆడి గానుగ ఆగేదాకా ఆ మాట మీద నిలబడాల్సిందే. కాదూ కూడదన్నవాళ్లని ఆ చుట్టుపక్కల ఎవరూ గడప తొక్కనివ్వరు.

సరే. అడవిలో వాచస్పతి అని ఓ నక్క. పేరు చూడండి ఎంత గొప్పదో! ఎవరు పెట్టారంటే, తనే పెట్టుకుంది. ఈ నక్క కొన్నాళ్లు పట్నంలో ఓ హాస్టలు వెనక పెంటకుప్ప మీద బతికింది. లోపల కుర్రాళ్లు ఉద్యోగాల కోసం గొంతు చించుకుని బట్టీ పట్టే ముక్కలు దీని చెవిన పడ్డాయి. అర్థం ఒక్కటీ తెలీదు. రాగం మాత్రం పట్టేసింది. అడవికొచ్చి ఓ పుట్ట ఎక్కి కూర్చుని, మెడలో గుడ్డపేలిక టైలా కట్టుకుని, "ఫస్ట్ జాబ్ గ్యారంటీ! స్పోకెన్ ఇంగ్లీష్!" అని కూత పెట్టింది.

చేరేవాళ్లకేం కొదవ? కోడిపుంజు వీరాస్వామి చేరాడు. ఫీజు కింద పెళ్లాల గుడ్లు తెచ్చి ఇచ్చేవాడు, పెట్టిన కష్టం తనదైనట్టు. మేకపోతు పరదేశి వేరుశనగకాయలు మోసుకొచ్చేవాడు. మూడోది ముత్యాలు. గాడిద పిల్ల.

ఈ ముత్యాలు తల్లి సూరమ్మ ఏట్లోంచి ఇసక మోస్తుంది. మోసీ మోసీ వీపు మీద పుండు పడింది. మానేలోపు మళ్లీ మూట పడుతుంది, మళ్లీ రేగుతుంది. మోత ఆపితే పుండు మానుతుంది, కానీ మోత ఆపితే మేత ఎక్కణ్ణించి వస్తుంది? ముత్యాలుకి బెల్లం బట్టీలో ఉద్యోగం దొరికితేనే సూరమ్మ వీపుకి విశ్రాంతి. అందుకని ఆ తల్లి ఇసక తవ్వే చోట పీతలు పట్టి, మూటతో పాటు మోసుకొచ్చి, నక్కకి ఫీజు కట్టేది.

"వాచస్పతి సార్ పాఠం మధ్యలో చెవులాడించకే తల్లీ" అని చెప్పి పంపింది సూరమ్మ.

క్లాసు మొదలైంది. నక్క పుట్టమీద నిలబడి తోక విసిరింది.

"అందరూ నాతో అనండి! మైసెల్ఫ్ ఫలానా. మై ఫాదర్ ఈజ్ ఫార్మర్. మై మదర్ ఈజ్ హౌస్‌వైఫ్. ఐ యామ్ హార్డ్ వర్కర్. రెడీ ఫర్ ఎనీ షిఫ్ట్. ఐ లైక్ హెవీ లోడ్. నో లీవ్. నో కంప్లయింట్!"

"మైసెల్ఫ్ వీరాస్వామి!" అని పుంజు మెడ నిక్కించి అరిచింది. "మై ఫాదర్ ఈజ్ ఫార్మర్!"

"మీ నాన్న రైతేట్రా? మొన్న పండక్కి కూరైపోయాడు కదా?" అన్నాడు పరదేశి.

"నోర్మూసుకో! సార్ చెప్పారు, అనాలి. నీకేం తెలుసు ఇంటర్వ్యూ సంగతి?"

ముత్యాలు మాత్రం అనలేదు. మూతి ముందుకు చాచి అడిగింది.

"సార్, షిఫ్ట్ అంటే ఏంటి సార్?"

నక్క ఓ క్షణం మింగలేక కక్కలేక చూసింది. "షిఫ్ట్ అంటే... షిఫ్టే! అదో పెద్ద మాట. పెద్ద ఉద్యోగాల్లో వాడతారు."

"అయితే హెవీ లోడ్?"

"అదీ పెద్దదే."

"మరి అర్థం తెలీకుండా 'ఐ లైక్' అని ఎలా అనను సార్? నాకిష్టమో కాదో తెలియాలి కదా?"

పుంజు కిసుక్కున నవ్వింది. నక్క మొహం ఎర్రబడింది. అర్థం చెబితే తనకు తెలియాలి, తెలీదంటే పీతలు పోతాయి. ఇలాంటి గురువులకి అప్పుడు ఒకటే దారి.

"గాడిద బుద్ధి ఎక్కడికి పోతుంది! ఇంటర్వ్యూలో ప్రశ్న వాళ్లడగాలి, నువ్వు కాదు. క్లాసు పాడుచేస్తున్నావు. బయటికి నడు. ఫీజు వాపసు లేదు!"

ముత్యాలు ఇంటికెళ్లి తల్లితో చెప్పింది. సూరమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది, పుండు మంటకి పడుకోలేక.

"అడక్కపోతే ఏం పోయేదే? నాలుగు ముక్కలు చిలకలా అప్పజెబితే సరిపోయేది కదా!"

"చిలక్కి పంజరంలో ఎవరో మేత వేస్తారమ్మా. నాకెవరు వేస్తారు?"



మర్నాడు ముత్యాలు తిన్నగా బెల్లం బట్టీ గేటు దగ్గరికి పోయింది. అక్కడ భీమన్న అనే ముసలి ఎద్దు కాపలా. నెమరు వేయడం తప్ప వేరే తొందర లేని జీవుడు.

"తాతా, షిఫ్ట్ అంటే ఏంటి?"

భీమన్న నమిలింది మింగి, నింపాదిగా అన్నాడు. "పొద్దుటి నుంచి కొందరు చేస్తారు. చీకటి పడ్డాక వేరేవాళ్లు వచ్చి అందుకుంటారు. ఆ వంతుని షిఫ్ట్ అంటారు. ఎందుకే?"

"లీవ్?"

"పనికి రానని ముందే చెప్పి ఇంటి దగ్గర ఉండటం."

"హెవీ లోడ్?"

భీమన్న గేటు అవతల పేర్చిన చెరకు కట్టలకేసి కొమ్ము చూపించాడు. "అదిగో. నీ వీపు మీద పెడితే తెలుస్తుంది."

"పెట్టక్కర్లేదు తాతా. ఆ మాట తెలీదు గానీ బరువు తెలుసు. మా అమ్మ వీపు మీద రోజూ చూస్తాను."

ముసలాడు నెమరు ఆపేశాడు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా విసుక్కోలేదు. గేటు ఎదర నిలబడి ముత్యాలు వచ్చేపోయేవాళ్లందరినీ అడిగేది. కాటా దగ్గర ఉడత కసురుకుంది, కొంగలు నవ్వాయి. అది సిగ్గుపడకుండా మళ్లీ అడిగింది. సిగ్గుపడేది అర్థం అడిగినవాళ్లా అమ్మా, అర్థం లేకుండా అరిచినవాళ్లా? మీరే చెప్పండి.

చెరకు ఆడే రోజు వచ్చింది. తొలి పెనం దిగింది. గజలక్ష్మమ్మ స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, విఘ్నేశ్వరుడి ముందు వేడి బెల్లం పెట్టి, తొండమెత్తి దండం పెట్టింది. ఉద్యోగాలకొచ్చిన జంతువులన్నీ వరసగా నిలబడ్డాయి. నక్క మాత్రం పక్కనే చెరకు తోటలో నక్కి కూర్చుంది, శిష్యులు మరిచిపోతే అందించడానికి. శిష్యులకి ఉద్యోగం వస్తే ఆ పేరు చెప్పుకుని ఇంకో అడవిలో పుట్ట ఎక్కొచ్చని ఆశ.

"నీ పేరేంటి నాయనా?" అంది ఏనుగు.

"మైసెల్ఫ్ వీరాస్వామి! మై ఫాదర్ ఈజ్ ఫార్మర్! మై మదర్ ఈజ్ హౌస్‌వైఫ్! ఐ లైక్ హెవీ లోడ్!"

గజలక్ష్మమ్మ పుంజు కాళ్లు చూసింది, చెరకు కట్ట చూసింది. "నీ మాట నువ్వే విన్నావా నాయనా? సరే, నువ్వు?"

"మైసెల్ఫ్ పరదేశి! మై ఫాదర్ ఈజ్ ఫార్మర్! మై మదర్..." మేకపోతు గొంతులో ముక్క ఇరుక్కుంది. మదర్ ఏమిటో మరిచిపోయాడు.

"హౌస్‌వైఫ్! హౌస్‌వైఫ్!" అని చెరకు తోటలోంచి గుసగుస.

ఏనుగు చెవులు చాటలంత. వినపడకపోతుందా? కానీ ఆవిడ కోప్పడలేదు. మొహం నిండా మర్యాద పులుముకుంది.

"అయ్యో, తోటలో ఎవరో మహా పండితులున్నట్టున్నారే! బయటికి దయచేయండి. మీలాంటివాళ్లు చాటున ఉండటమేంటి?"

పొగిడితే ఆగలేనిది నక్క జాతి. టై సర్దుకుని, చెరకాకులు దులుపుకుని బయటికొచ్చింది. "వీళ్లందరికీ గురువుని నేనే అమ్మగారూ. వాచస్పతి అంటారు."

"శిష్యులకే ఇంత వస్తే గురువుగారికి ఎంత రావాలి! ఉద్యోగం మీకే ఇస్తే పోదా? సామి ముందుకి రండి. నేను ఇంగ్లీషులోనే అడుగుతాను, ఏమనుకోకండి."

నక్క కళ్ల ముందు ఓ మెత్తటి కుర్చీ, పక్కన గుడ్ల బుట్ట కదిలాయి. గబగబా వెళ్లి బెల్లం ముందు నిలబడింది.

"హెవీ లోడ్?" అంది ఏనుగు.

"యెస్ మేడమ్! ఐ లైక్ హెవీ లోడ్!"

"ఎనీ షిఫ్ట్?"

"ఎనీ షిఫ్ట్ మేడమ్! ఆల్ షిఫ్ట్!"

"లీవ్?"

"నో లీవ్! నో కంప్లయింట్!" అంటూ నక్క బెల్లం మీద పంజా పెట్టి మరీ చెప్పింది.

"సామి సాక్షి" అంది గజలక్ష్మమ్మ, కళ్లు మూసుకుని. తర్వాత కళ్లు తెరిచి, వరస చివర నిలబడ్డ గాడిద పిల్లకేసి తిరిగింది. "ఏమ్మా, రోజూ నా గేటు దగ్గర అందర్నీ విసిగించేది నువ్వే కదూ? పండితులవారు ఇప్పుడు ఏం ఒప్పుకున్నారో కాస్త తెలుగులో చెప్పు. ఆయనా వింటారు."

ముత్యాలు ముందుకొచ్చింది. "హెవీ లోడ్ అంటే అదిగో ఆ చెరకు కట్టలు సార్. అవి మోయడం మీకిష్టమన్నారు."

నక్క తోక కిందకి దిగింది.

"ఆల్ షిఫ్ట్ అంటే పగలు వంతూ మీదే, చీకటి వంతూ మీదే."

నక్క నాలుక బయటికొచ్చింది.

"నో లీవ్ అంటే గానుగ ఆగేదాకా ఇంటి మొహం చూడరు. నో కంప్లయింట్ అంటే ఇవేవీ బాగాలేవని నోరెత్తరు."

"అది కాదు అమ్మగారూ! అదేదో హాస్టల్లో విన్నదే తప్ప..." అని నక్క ఏడుపు మొహం పెట్టింది.

"కంప్లయింటా?" అని అడిగాడు గేటు దగ్గర్నించి భీమన్న, నెమరు వేస్తూనే.

జంతువులన్నీ ఘొల్లుమన్నాయి. పుంజు కూడా నవ్వి, తను అరిచింది గుర్తొచ్చి మెడ రెక్కలో దాచుకుంది.

"మరి నువ్వేం ఒప్పుకుంటావే?" అంది గజలక్ష్మమ్మ ముత్యాలుతో.

"మోయగలిగిన లోడే మోస్తానమ్మగారూ. పగటి షిఫ్టే చేస్తాను. మా అమ్మ వీపు పుండుకి మందు రాయాలి, ఆ పూట లీవ్ కావాలి. ఇవి కుదరకపోతే ఇప్పుడే చెప్పండి, సామి ముందు అబద్ధం ఆడలేను."

గజలక్ష్మమ్మ తొండంతో వేడి బెల్లం ముక్క తుంచి ముత్యాలు నోట్లో పెట్టింది. "నీ వీపు నాకక్కర్లేదు, నీ నోరు కావాలి. గేటు దగ్గర ఉండు. కొత్తగా వచ్చేవాళ్లకి, ఏ మాట అంటే ఏం చేయాలో చెప్పి లోపలికి పంపు. మీ అమ్మకి మేత ఈ పూట నుంచే వెళుతుంది."

ఆ సాయంత్రం సూరమ్మ ఇసక మూట దించి, మళ్లీ ఎత్తలేదు. కొన్నాళ్లకి పుండు మీద కొత్త చర్మం, దాని మీద మెత్తటి వెంట్రుకలు వచ్చాయి. దేవుడు చల్లగా చూశాడు. పుంజు, మేకపోతు సిగ్గు చంపుకుని గేటు దగ్గరికొచ్చి అర్థాలు అడిగి నేర్చుకున్నారు. పుంజుకి వేకువనే షిఫ్ట్ వాళ్లని లేపే పని దొరికింది. అది దానికి పుట్టుకతో వచ్చిన పనే, ఫీజు కట్టి తెలుసుకోవాల్సొచ్చింది!

మన వాచస్పతి సార్? టై పోయి మెడకి తాడు వచ్చింది. చెరకు కట్టలు లోపలికీ, పిప్పి బయటికీ. ఓ మధ్యాహ్నం ఎండకి తూలుతూ గేటు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది.

"ముత్యాలూ, ఆ కొంగలు 'హాఫ్ డే' అంటున్నాయి. అంటే ఏంటమ్మా?"

పుట్టి బుద్ధెరిగాక ఆ నక్క ఒక మాటకి అర్థం అడగడం అదే మొదలు.

"సగం పూట పని చేసి ఇంటికెళ్లడం సార్" అంది ముత్యాలు. "మీకు లేదు. కట్ట ఎత్తండి."

ఇదీ కథ. అర్థం తెలియని మాట ఒప్పుకున్నవాడు, అది ఎంత బరువో మోసేటప్పుడే తెలుసుకుంటాడు.

లేవకండి, లేవకండి, ప్రసాదం ఇంకా పంచలేదు. నక్కని మరిచిపోయినా ఫరవాలేదు, దానికంత విలువ లేదు. అందరూ నవ్వుతుంటే మూతి చాచి, "అంటే ఏంటి సార్?" అని అడిగిందే ఆ గాడిద పిల్ల, ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. రేపు బళ్లోనో, ఆఫీసులోనో, బ్యాంకులోనో మీకు తెలియని మాట ఎవరైనా గొప్పగా విసిరితే, తలూపే ముందు మీరూ ఒక్కసారి అడగండి. ఇంటికెళ్లి మీ పిల్లల చేతా అడిగించండి. సామి మీ వెంటే ఉంటాడు. ఆయన చెవులు కూడా చాటలంత కదా, అడిగినవాళ్ల మాట వింటాడు.