వికీ వెతకని చోటు

"తిరుమలేశూ! ఆ ఎర్ర అక్షరాలు ఇంకా పోలేదటోయ్?"

లోపలి గదిలోంచి ఆఫీసు పెద్ద అనంతాచారి గారు కేకేశారు. పోలేదు. జానపద గీతాలన్నీ ఒకచోట చేర్చిన ఆ వికీలో, వకుళ ఊళ్ళు తిరిగి పట్టుకొచ్చిన నాట్ల పాట కింద స్వరాలు కనిపించాల్సిన చోట, 'పరికరం దొరకలేదు' అన్న మాటే ఎర్రగా మెరుస్తోంది. స్వరాలను గీసే ఆ పరికరాన్ని, అంటే ఆ చిన్న ప్రోగ్రామును, తిరుమలేశు నిన్నటి నుంచి మూడుసార్లు తీసేశాడు, మూడుసార్లు మళ్ళీ పెట్టాడు. మధ్యాహ్నం రెండింటి బస్సుకి వకుళ కొత్త ఉద్యోగానికని ఆదిలాబాదు వెళ్ళిపోతోంది. తన పాటను స్వరాలతో ఒక్కసారి చూసి పోతానని, ఎదురు బల్ల దగ్గర సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ప్రశ్న అడిగినవాళ్ళకి పని చెప్పడం ఆచారి గారి అలవాటు. మొన్న భోజనాల దగ్గర తిరుమలేశు, ఎవరి గురించో అడుగుతున్నట్టు, "కళ్ళెదుట ఉన్నది కూడా కొందరికి ఎందుకు కనబడదండీ?" అన్నాడు. "ముందు ఆ స్వరాల సంగతి చూడు" అని ఆయన మజ్జిగ కలుపుకున్నారు.

రెండేళ్ళుగా అతనివీ వకుళవీ ఎదురెదురు బల్లలు. ఆమె రికార్డింగుల్లోని గాలి హోరు, కుక్కల అరుపులు ఆమె రాకముందే తీసేసి పెట్టేవాడు. ఆమె హెడ్‌ఫోన్ల మెత్తలు చిరిగితే కొత్తవి తొడిగేవాడు. వాటంతటవే బాగయ్యాయనుకునేదో ఏమో, ఆమె ఎన్నడూ అడగలేదు. ఆమె ఊళ్ళకు వెళ్ళిన రోజుల్లో ఆమె తీసే కూనిరాగం లేక, గదిలో ఫ్యాను చప్పుడు కూడా అతనికి దిగులుగా వినిపించేది.

ఆచారి గారు వచ్చి వెనక నిలబడ్డారు.

"ఉందండీ, నేనే పెట్టాను" అంటూ తిరుమలేశు ఆదేశాలిచ్చే నల్లటి తెర మీద పరికరం పేరు కొట్టాడు. అది వెంటనే పలికింది. "చూశారా, పిలిస్తే పలుకుతోంది. ఈ వికీకే కళ్ళు లేవు."

"పిలిచింది నువ్వు కదటయ్యా. వికీ పేరుతో పిలువు."

సర్వర్‌లో వికీకి వేరే పేరుంది. వేరే మనిషిలాగే మసలుతుంది. ఆ పేరుతో పిలిచాడు. అలాంటిదేదీ లేదని జవాబొచ్చింది.

"ఎక్కడ పెట్టావు దాన్ని?"

"నా ఫోల్డర్‌లోనండి. భద్రంగా ఉంటుందని."

"ఇంకొకరు తెరవగలరా అందులోకి?"

తిరుమలేశు తల అడ్డంగా ఊపాడు.

"వికీ వెతికే చోట్లు నాలుగైదు. నీ గది వాటిలో లేదు. వచ్చినా లోపల గడియ వేసుకున్నావు. పైగా దాన్నే గుడ్డిదంటావు. అందరూ వచ్చే చోట పెట్టి, ఫలానా చోట ఉందని సెట్టింగుల్లో ఒక్క వరస రాయి."

పరికరాన్ని అక్కడికి మార్చి, ఆ వరస రాశాడు. పేజీ మళ్ళీ తెరిచాడు. ఎర్రదనం పోయి, స్వరాలు అప్పుడే నాటిన నారులా వరసలు తీరాయి. వకుళ లేచి వచ్చి, తెర మీద వేలు జరుపుతూ సన్నగా పాడుకుంది.

"ఇది రికార్డు చేసిన రోజు గట్టు మీద గాలికి నాకే ఏమీ వినపడలేదు. ప్రతి స్వరం ఇంత తేటగా ఎలా వచ్చిందో" అంది. ఆచారి గారికి దణ్ణం పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

తిరుమలేశు తెర వైపు తిరిగి, బాగానే ఉన్న ఆ వరసను మళ్ళీ దిద్దబోయాడు.

"అక్కడ రాయాల్సింది అయిపోయింది నాయనా" అన్నారు ఆచారి గారు.

అతని చేతులు ఆగిపోయాయి. లేచి నిలబడ్డాడు.

"వకుళ గారూ. ఆ గాలి హోరు తీసింది నేను. రెండేళ్ళుగా నేనే తీస్తున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. చెప్పకపోయినా మీకే తెలుస్తుందనుకున్నాను."

వకుళ గడప మీదే ఆగింది. ముందు అతని వైపు, తర్వాత తన బల్ల మీద మిగిలిపోయిన హెడ్‌ఫోన్ల వైపు చూసింది. సంచీ మెల్లగా భుజం మీంచి జారింది.

ఆచారి గారు తన గదిలోకి వెళ్ళిపోతూ, గోడ గడియారం చూసి అన్నారు:

"నాలుగింటికి ఇంకో బస్సుంది."