సూర్రావు నుదుటి మీద గీత

శిష్యులు ఏమడిగినా డాక్టర్ పేరిశాస్త్రి గారు వెంటనే జవాబు చెప్పరు. లేచి ఎవరినో ఒకరిని పిలుచుకొస్తారు. రాజమండ్రిలో ఆయన దగ్గర జుట్టు నాటే విద్య నేర్చుకుంటున్న హైమకు ఆ అలవాటంటే ఒళ్లు మంట. ఆ ఉదయం మాత్రం మంటా గింటా ఏమీ లేవు. జుట్టు ఎక్కణ్ణుంచి మొదలవ్వాలో నుదుటి మీద గీత గీసే పని మొదటిసారి ఆమె చేతికిచ్చారు! గుండెలో డప్పులు మోగుతున్నాయి.

కుర్చీలో ఇరవై ఆరేళ్ల లోవరాజు. వచ్చే మాఘంలో పెళ్లి. నుదురు అప్పుడే నడినెత్తికి ప్రయాణం కట్టింది.

"ముందంతా ఒత్తుగా కుక్కెయ్యండి మేడమ్. ఫోటోల్లో హీరోలా ఉండాలండి!"

హైమకూ అదే ఉబలాటం. మత్తుసూది వేసి, తల వెనక జుట్టును కుదుళ్లతో సహా తోడి, చల్లటి సెలైన్‌లో ఉంచి, ముందు ఏటవాలుగా సన్నని గాట్లు పెట్టి నాటడమే. నాటిన వెంట్రుకలు కొన్ని వారాలకు రాలినా కుదురు బతికే ఉంటుంది, నెలలు తిరిగేసరికి మళ్లీ మొలుస్తుంది. వెనక జుట్టు మహా మొండిది, ఎక్కడికి మార్చినా ఓ పట్టాన ఊడదు. తోడిన చోట మాత్రం మళ్లీ రాదు. ఆమె కనుబొమలకు బాగా దగ్గరగా గీత గీసేసింది.

"ఉన్నదంతా ఇవాళే ముందుకు తెచ్చేద్దామా గురువుగారూ? అడిగినవాడికి పెట్టడానికి పిసినారితనమెందుకండీ?"

ఆయన తలుపు తీసి, బయట బెంచీ మీదున్న లోవరాజు తండ్రి సూర్రావును పిలిచి కొడుకు పక్కన కూర్చోబెట్టారు. అదే ముక్కు, అవే చెవులు. నెత్తి మాత్రం నున్నగా ఉంది. వెనక ఈ చెవి నుంచి ఆ చెవికి ఓ పట్టీ మిగిలింది.

"ఈయనకూ అదే గీత గియ్యమ్మా."

"ఆయ్, నాకెందుకండి బాబూ! నాకూ వీడి వయసులో ఇలాగే మొదలైందండి. నలభై దాటేసరికి మొత్తం ఖాళీ!" పడీ పడీ నవ్వాడు సూర్రావు.

హైమ నవ్వుతూనే గీసింది. గీశాక నవ్వు ఆగిపోయింది. ముందు దట్టంగా ఓ వరుస, దాని వెనక బోడినెత్తి, అంతా ఇవాళే తోడేస్తే అప్పుడు దాన్ని కప్పుదామన్నా పట్టీలో ఏమీ మిగలదు! నలభై ఏళ్ల లోవరాజు ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. అమ్మో, ఎంత పని చేయబోయాను! భయమూ, తెలిసిందన్న సంబరమూ ఆమెకు ఒక్కసారే కలిగాయి. దూదితో ఇద్దరి నుదుళ్లూ తుడిచి, కొడుకు గీతను బాగా పైకి జరిపింది.

లోవరాజు మొహం మాడ్చుకున్నాడు. "ఇంత పైకా? పెళ్లిలో నన్నెవరు చూస్తారండి?"

పేరిశాస్త్రి గారు అతని భుజం తట్టి, హైమ వైపు చూస్తూ అన్నారు:

"రేపు మీ అమ్మాయి పెళ్లికి కూడా ఈ తలతోనే వెళ్లాలి కదా నాయనా."