చూరులో రెండు పొట్లాలు

గురువుబాబుకి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న పట్టుకుని వస్తే, "ముందు ఈ కొస పట్టుకో" అని గోగునార పేట ఒకటి చేతికిచ్చేవాడు. తాడు పేనడానికి రెండో మనిషి కావాలి కదా. ఆయన అటు కూర్చుని పేనుతూ ఉంటే, అడగొచ్చినవాళ్ళు ఇటు కూర్చుని కొస బిగించి పట్టుకోవాలి. మోక్షం గురించి అడిగినా అంతే, అల్లుడి తాగుడు గురించి అడిగినా అంతే. తాడు సగమయ్యేసరికి చాలామందికి అడగాల్సిన మాట గుర్తుండేది కాదు. గుర్తున్నవాళ్ళు అరచేతులు మంటపుట్టి లేచిపోయేవారు. విజయనగరం అవతల ఆ చిన్న ఊళ్ళో ఆయన దగ్గర ఉపదేశం పుచ్చుకున్నవాళ్ళందరికీ ఆ నార గరుకు బాగా తెలుసు.

అచ్చియ్యమ్మ మాత్రం ఆ రోజు కొస పట్టుకోలేదు. పొద్దున్నే వచ్చి, అరుగు మీద రెండు ఆకు పొట్లాలు పెట్టి, నిలబడే అడిగింది.

"మూణ్ణెల్లు నాను ఎలా బతకాల బాబూ?"

అచ్చియ్యమ్మది బస్సులు ఆగే చోట ఇడ్లీ కొట్టు. నిరుడు ఆమెకి రొమ్ములో కేన్సరని తేలింది. విశాఖపట్నంలో ఆపరేషనయింది, కీమో అయింది, రేడియేషనని కరెంటు పెట్టడం కూడా అయింది. ఊడిపోయిన జుట్టు మళ్ళీ మొలిచింది. ఈసారి ఉంగరాలు తిరిగి మొలిచింది. "ఓలమ్మ, కొత్త పెళ్ళికూతురొచ్చిందర్రా" అని వీధివాళ్ళు ఆటపట్టిస్తే ఆమె కూడా నవ్వింది. గండం గడిచిందనుకుని కొట్టు తెరిచింది. అప్పుడు తీసిన స్కానులో ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ కనిపించింది. డాక్టరమ్మ ఆ ఫిల్ముని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "కరెంటు పెట్టిన చోట మిగిలిన మరక కావచ్చు. పాత జబ్బే మళ్ళీ కావచ్చు. ముక్క తీసి పరీక్ష చేద్దామంటే మరీ చిన్నది. ఇప్పుడే చెప్పలేం. మూడు నెలలాగి మళ్ళీ తీద్దాం" అంది.

జబ్బుందంటే ఏడవొచ్చు. లేదంటే నలుగురికీ పులిహోర పంచొచ్చు. చెప్పలేం అంటే మనిషి ఏం చేయాలి? అది ఏ మందుచీటీలోనూ రాసి ఉండదు. డాక్టర్లు చెప్పలేనిది ఊళ్ళోవాళ్ళు మాత్రం ఇట్టే చెప్పేశారు. ఎదురింటామె చెప్పింది, ఇడ్లీ తినే ఆటోవాళ్ళు చెప్పారు, ఎప్పుడూ పలకరించని కరణంగారి కోడలు కూడా ఆగి మరీ చెప్పింది. "ఏటీ కాదులే, ధైర్నంగా ఉండు." ధైర్యమేదో సంతలో దొరికే సరుకైనట్టూ, ఈవిడే పిసినారితనానికి కొనుక్కోవడం లేనట్టూ మాట్లాడారు. ఒక్కరూ ఆమె ముఖం వంక సరిగా చూడలేదు.

ఆ వైపు ఊళ్ళలో మనసు తేలనప్పుడు అమ్మవారి దగ్గర పూలు పెట్టి అడుగుతారు. ఎర్రదొకటి, తెల్లదొకటి, ఒకే జాతి పువ్వులు రెండు ఆకుల్లో చుట్టి అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీస్తారు. తెల్లదొస్తే మంచి, ఎర్రదొస్తే చెడు. అచ్చియ్యమ్మ గన్నేరు పూలు పెట్టి అడిగింది. తెల్లదొచ్చింది. ఆ పూట ముద్ద దిగింది. సాయంత్రమయ్యేసరికి, పొట్లాలు కట్టింది తనే కదా, చేతికి ఆనవాలు తెలిసిపోయిందేమో అని అనుమానమొచ్చింది. మర్నాడు మళ్ళీ అడిగింది. ఎర్రదొచ్చింది. మధ్యాహ్నం తలకి పోసుకుని ఇంకోసారి అడిగింది. అలా అడుగుతూనే ఉంది. గుడి వెనక గన్నేరు చెట్లు బోడిగా మిగిలాయి. చివరికి పూజారికి విసుగొచ్చి, "అమ్మోరినేటి రోజూ పంచాయితీకి పిలుత్తావు?" అని కసిరి తలుపేసేశాడు.

అందుకే ఆవిడ పొట్లాలు పట్టుకుని గురువుబాబు అరుగెక్కింది.

"ఇదే ఆకరుసారి బాబూ. మీరు తియ్యండి. మీ సెయ్యి అబద్దమాడదు. మీకేదొత్తే అదే నా రాత. మరెవుల్నీ అడగను."

గురువుబాబు పేనడం ఆపకుండానే అడిగాడు. "ఎర్రదొత్తే?"

"నమ్మీత్తాను."

"తెల్లదొత్తే?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదామెకి. "నమ్మను బాబూ" అంది.

గురువుబాబు నార పక్కన పెట్టి లేచాడు. రెండు పొట్లాలూ తీసి, పెంకుటింటి చూరులో, వాసానికీ పెంకుకీ మధ్య దోపాడు.

"తీత్తాను. ఇయ్యాల కాదు. నువ్వు రోజూ వచ్చి అడుగు."

అచ్చియ్యమ్మ రోజూ వెళ్ళింది. కొట్టు కట్టేసి, గిన్నెలు కడుక్కుని, తిన్నగా ఆ అరుగు దగ్గరికే. "ఇయ్యాల తీత్తారా బాబూ?" అనేది. "రేపు" అనేవాడాయన, నార కొస చాపుతూ. ఆమె పట్టుకునేది. ఇక్కడ, తాడు పట్టుకోగా పట్టుకోగా ఆమె మనసు కుదుటపడిందని చెప్తే వినడానికి బాగుంటుంది. పడలేదు. పడని దాన్ని పడిందనడం నాకు చేతకాదు. వానలో తడిసి దగ్గు పడితే, ప్రతి దగ్గుకీ ఆగి చెవి పెట్టి వినేది, ఇది వాన దగ్గా, ఆ మచ్చ దగ్గా అని. పిండి రుబ్బుతూ రుబ్బుతూ జబ్బ కింద వేళ్ళతో నొక్కుకుని చూసుకునేది. ఉంగరాల జుట్టు కనిపిస్తే అద్దాన్ని గోడవైపు తిప్పేసేది. మళ్ళీ ఊడడానికేనా ఇంత అందంగా మొలిచింది అనుకునేది. ఒక్కోనాడు ఆ అరుగు మీద, కొస పట్టుకున్న చేతుల మీద ఊరికే కన్నీళ్ళు కారిపోయేవి. గురువుబాబు చూసేవాడు, పేనుతూనే ఉండేవాడు.

ఒక రోజు వచ్చి, అడగాల్సింది అడగలేదు.

"మా ఆయన నాతో దెబ్బలాడ్డం మానీసేడు బాబూ" అంది.

గవరయ్య సంగతి ఊరందరికీ తెలుసు. కూరలో ఉప్పు ఓ పిసరు ఎక్కువైతే కంచం నెట్టేసి వీధి చివరిదాకా వినపడేట్టు అరిచే మనిషి. స్కాను తీసిన నాటినుంచి ఏం పెట్టినా నోరెత్తకుండా తింటున్నాడు. అది ఆమెని డాక్టరమ్మ మాట కన్నా ఎక్కువ భయపెట్టింది. అందుకని ఆ మధ్యాహ్నం కావాలనే వంకాయ కూరలో గుప్పెడు ఉప్పు పోసి వడ్డించింది. గవరయ్య తల దించుకుని తిన్నాడు. మారు కూడా వేయించుకున్నాడు.

"తిట్టవేటి, తిట్టవేటి నన్ను, అని జబ్బ పట్టుకుని ఊపేసేను బాబూ. 'ఉప్పేటి, బాగానే ఉందే' అన్నాడు. అంటంటే కళ్ళమ్మట నీళ్ళు కంచంలో పడిపోతన్నాయి. ఆడి లెక్కలో నాను ఎల్లిపోయేను."

గురువుబాబు చేతులు ఒక్క క్షణం ఆగాయి. "కూర పారబోసేవా?"

"లేదు. నానూ అదే తిన్నాను."

ఆ రోజు తాడు మామూలుకన్నా పొడుగొచ్చింది.

మరోనాడు ఆమె వచ్చేసరికి గురువుబాబు స్నానానికి వెళ్ళాడు. అరుగు మీద ఎవరూ లేరు. అచ్చియ్యమ్మ మునివేళ్ళ మీద లేచి చూరులోకి చెయ్యి పెట్టింది. పొట్లం తగిలింది. తీసి గుప్పిట్లో పట్టుకుంది. విప్పితే అయిపోతుంది. ఎర్రదైతే ఇంటికెళ్ళి గవరయ్యతో చెప్పేసి, కొట్టు చెల్లెలికి అప్పజెప్పి, ముసుగుదన్ని పడుకోవచ్చు. ఈ చావని చావు ఇంక చావనక్కర్లేదు. అంత తేలికనిపించింది ఆమెకి, నిజంగా. కానీ ఆకు అంచు విప్పబోయిన వేలు ముందుకి వెళ్ళలేదు. పొట్లం ఎక్కడిదక్కడ దోపేసి, కొంగుతో ముఖం తుడుచుకుని కూర్చుంది. గురువుబాబు తడి పంచెతో వచ్చి, ఆమె ముంజేతికంటిన చూరు మసి చూశాడు. చూసి, కొస అందించాడు.

గడువు దగ్గరపడింది. రేపు స్కాను అనగా, ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ వచ్చి అరుగు ముందు నిలబడింది. మనిషి సగమైపోయింది. అడిగే ఓపిక కూడా లేక ఊరికే చూరు వంక చూసింది. గురువుబాబు రెండు పొట్లాలూ తీసి ఆమె చేతుల్లో పెట్టాడు.

"నువ్వే విప్పు" అన్నాడు.

ఆకు ముట్టుకుంటేనే పొడిపొడి అయిపోయింది. ఒకటి విప్పింది. గోధుమరంగులో ముడుచుకుపోయిన తుక్కు. రెండోది విప్పింది. అదీ అంతే. రెండూ పక్కపక్కన పెట్టింది. ఒకదాన్ని ఎండపొడకి పట్టి, అచ్చం డాక్టరమ్మ ఫిల్ముని పట్టినట్టే, అటూ ఇటూ తిప్పి చూసింది. గోటితో రేకు విడదీయబోతే రాలిపోయింది.

"ఇందల ఎర్రదేది బాబూ?"

"తెల్దమ్మా."

"ఇలాగయిపోద్దని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ రేపు రేపు అని తిప్పించుకుని, చివరికి ఇంత తుక్కు చేతిలో పెడతాడా ఈ పెద్దమనిషి అనుకుంది. అనాలనుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి, వచ్చి ఏడుపైపోయాయి. డాక్టరు ముందు ఏడవని ఏడుపు, మొగుడి ముందు, చెల్లెలి ముందు మింగేసిన ఏడుపు, ఆ అరుగు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. గురువుబాబు ఊరుకోమనలేదు. ఏం కాదనలేదు. పక్కన చతికిలబడి కూర్చున్నాడంతే. తుక్కు గాలికి అరుగు మీంచి దొర్లిపోయింది, ఇద్దరూ దాన్ని పట్టుకోలేదు.

చాలాసేపటికి ఆమె ముక్కు చీదుకుని, నేల చూపులు చూస్తూ అడిగింది.

"రేపు ఆ డాక్టరమ్మ ఏటంటాది బాబూ?"

"అదీ తెల్దమ్మా" అన్నాడు గురువుబాబు. "పొద్దున్న బస్సెన్నింటికి? నానూ వత్తాను."