టపాధికారి ఇంట్లో గేదెలు

కుంతలగిరి రాజు కుంభవర్మకి ఒకటే పిచ్చి. తన టపా అంత గొప్ప టపా లేదని లోకమంతా అనాలి. "ఎవరు ఉత్తరం తెచ్చినా, ఎవరికి రాసినా సరే, మన ముద్ర కొట్టి చేరవేయండి!" అని చాటించాడు. టపాధికారి శరభయ్య మీసం మెలేసి, అడ్డూ ఆపూ లేకుండా మోయించాడు.

ఇంకేముంది! ఎక్కడెక్కడి తైలాల వ్యాపారులూ దిగబడ్డారు. పక్క దేశం రాజుగారికి తెల్లారితే చాలు, బస్తాడు ఉత్తరాలు. అన్నింట్లోనూ ఒకటే మాట: "బట్టతల మీద జుట్టు మొలిపిస్తాం!" పాపం, ఆయనది నున్నటి గుండు. ఒళ్ళు మండిపోయి, కుంతలగిరి ముద్ర కనిపిస్తే విప్పకుండా తిప్పి పంపమన్నాడు. అలా తిరిగొచ్చినవాటిలో ఆయన కొడుక్కీ మన రాకుమారికీ జరగబోయే పెళ్ళి శుభలేఖ కూడా ఉంది.

వెనకే ఆయన రాయబారి దిగాడు. "రేపు సాయంత్రంలోగా ఈ గోల ఆగకపోతే సంబంధం రద్దు!"

రాజు నిండు సభలో శరభయ్యని నిలదీశాడు. శరభయ్య మాత్రం బింకం వదల్లేదు.

"ఆ ఉత్తరాలు మనవి కావు ప్రభూ. మన గుండా వెళ్ళాయి, అంతే. వచ్చినవాణ్ణి నువ్వెవరని అడగడం మర్యాదా?"

"భలే సెలవిచ్చారు!" అన్నాడు విదూషకుడు ఏకాంబరం, చప్పట్లు కొడుతూ. ఇతనికేం పోయేకాలమని సభంతా గుర్రుగా చూసింది.

మర్నాడు పొద్దున్నే శరభయ్య పళ్ళు తోముకుంటున్నాడు. వీధి గుమ్మంలోంచి గేదెల మంద వచ్చి, నట్టింట్లోంచి నడిచి, పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. వాటి వెనక గాడిదలు. గాడిదల వెనక డప్పులవాళ్ళు, వాయించుకుంటూ.

"ఎవర్రా మీరు?" అని కేకేశాడు శరభయ్య.

"మీ ఇంటికి రాలేదు బాబయ్యా, మీ ఇంటి గుండా పోతున్నాం. ఇక్కడ ఎవర్నీ ఏమీ అడగరని ఏకాంబరంగారు చెప్పారు!"

ఆ పెరటి అవతల ఉన్నది రాజుగారి పూలతోట. గేదెలు బంతిపూలు సుష్టుగా మేశాయి. రాజు రాయబారిని వెంటబెట్టుకుని మండిపడుతూ వచ్చాడు.

"శరభయ్యా! నీ గేదెల్ని నా తోట మీదికి తోలతావా?"

"అయ్యయ్యో, నావి కావు ప్రభూ! మా ఇంటి గుండా..."

"నీ గుమ్మంలోంచి వచ్చాయి. జవాబు నువ్వే చెప్పాలి!"

"మా రాజుగారు అనేదీ అచ్చం ఇదే," అన్నాడు రాయబారి.

అంతలో వీధి గుమ్మంలో ఏనుగు తొండం పెట్టింది. శరభయ్య పరుగెత్తి, చేతులు బారజాపి అడ్డం నిలబడి మావటిమీద అరిచాడు.

"ఆగక్కడ! నువ్వు మా ఇంటి మనిషివా? పోనీ, మా ఇంటికొచ్చిన మనిషివా? రెండూ కాకపోతే గడప బయటే ఆగు!"

ఏనుగు వెనకనుంచి ఏకాంబరం ముందుకొచ్చి రాజుకి చేతులు జోడించాడు.

"ప్రభూ, టపాకి కావలసిన చట్టం ఇదే! ఉత్తరం మనవాళ్ళు రాసిందైనా అయ్యుండాలి, మనవాళ్ళకి రాసిందైనా అయ్యుండాలి. రెండూ కాకపోతే గుమ్మంలోనే వద్దనాలి. టపాధికారిగారే నోరారా సెలవిచ్చారు!"

రాజు పకపకా నవ్వి, ఆ క్షణమే ఆ చట్టం అమలు చేయమన్నాడు. రాయబారి పొట్ట పట్టుకుని నవ్వుతూ, శుభలేఖ ఇటివ్వండి, నేనే తీసుకెళ్తానన్నాడు. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి ఏకాంబరం మెడలో వేశాడు. శరభయ్య ఒక్కడే నవ్వలేదు. తొండంతో పట్టుకున్న అతని తలపాగాని ఏనుగు ఇంకా వదల్లేదు మరి.