కోటలో గుడ్డిదీపం

ఏభై దాటాక జమీందారు జగ్గరాజు గారికి కాగితం మీది అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడసాగాయి. తప్పు ఆయన కళ్లదెలా అవుతుంది? రాజావారి కళ్లాయె! ముందు గుమస్తా మరీ సన్నగా రాస్తున్నాడని వాణ్ణి తన్ని తగిలేశారు. తర్వాత కోటకి నూనె పోసే గానుగ అసిరమ్మని పిలిపించారు.

"నీ నూనెలో పస లేదు. దీపం గుడ్డిగా వెలుగుతోంది. రేపటికి బాగుపడకపోతే నీ గానుగ పీకించేస్తా!"

అసలు సంగతి అసిరమ్మకి అర్థమైంది. అది పైకి అంటే గానుగతోపాటు తలా పోతుందనీ అర్థమైంది. మర్నాడు సాయంత్రం ఓడరేవు బజారులో కొన్న కళ్లజోడు పట్టుకొచ్చింది.

"నిజమే దొరా! ముసలి దీపం కదా, చత్వారం వచ్చింది. దానికోసమే ఈ అద్దాలు తెచ్చాను. తగిలిద్దామంటే దానికి ముక్కూ లేదు, చెవులూ లేవు. తమరు దయతలచి దాని తరఫున పెట్టుకుంటే..."

దీపం మీద జాలిపడి జగ్గరాజు గారు పెట్టుకున్నారు. అక్షరాలు ముత్యాల్లా కనబడ్డాయి.

"చూశావా, లోపం దీపానిదే!" అన్నారు మీసం దువ్వుతూ.

"తమరు పొరబడతారా దొరా!" అంది అసిరమ్మ.

మర్నాడు పట్టపగలు కూడా ఆయన ఆ జోడు తీయలేదు. పాపం, సూర్యుడికీ చత్వారం వచ్చిందని కోటలో అందరూ తెగ బాధపడ్డారు.